గుప్పెడు బియ్యం: ఎసట్లో పోసే ముందు తీసేది, నలుగురికీ చేరే దాకా

అన్నం వండే ప్రతిసారీ ఇంటిల్లిపాదికీ కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం, నెలకోసారి ఆ డబ్బాలన్నీ మందిరానికి తెచ్చి ఒకచోట కలపడం, దాంతో ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు సాయపడటం. మన క్రైస్తవ సంఘాల్లో దీన్ని గుప్పెడు బియ్యం అనో పిడికెడు బియ్యం అనో అంటారు. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘ స్త్రీలు 1910 నుంచి ఈ పని విడవకుండా చేస్తున్నారు. అక్కడ సంఘసేవకు ఆధారంగా నిలిచిన వాటిలో ఇదొకటి. మన దగ్గర 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో డోర్నకల్ వైపు పల్లె సంఘాల్లోనూ ఆడవాళ్లు వంటకు ముందు ఇలాగే తీసిపెట్టేవారు. చేతిలో రొక్కం ఆడని ఇళ్లు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది.

మొదలుపెట్టడం చాలా తేలిక. కష్టమంతా నిలబెట్టడంలోనే ఉంది. ఉత్సాహంగా డబ్బాలు పంచిన సంఘాల్లో కొన్ని నెలలకే అవి వంటింటి అటక ఎక్కేస్తుంటాయి. బియ్యం పురుగు పట్టడం ఒక కారణం. ఎవరు ఎంత తెచ్చారో మైకులో చదవడం ఇంకో కారణం. అన్నిటికంటే పెద్ద కారణం, ఆ గుప్పెడు ఎందుకు తీస్తున్నామో తెలియకుండా తీయడం. అందుకే డబ్బాల కంటే ముందు వాక్యం దగ్గర మొదలుపెట్టాలి.

మొదటి ఆదివారం చెప్పవలసినది

ఎఫెసీయులకు 2వ అధ్యాయం 8, 9, 10 వచనాలు ఆ రోజు పాఠంగా పెట్టుకోండి. మూడూ కలిపి చదవాలి, విడదీస్తే చెడుతుంది. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్నది ఎనిమిదో వచనం. క్రియల వలన కలిగింది కాదు గనుక ఎవరూ అతిశయపడటానికి వీల్లేదంటుంది తొమ్మిదో వచనం. పదో వచనం మనం సత్‌క్రియలు చేయడానికే సృష్టింపబడ్డామంటుంది. ఈ వరుస ముఖ్యం. ముందు రక్షణ, ఆ వెనక క్రియ. రక్షణ కోసం గుప్పెడు తీయం. రక్షణ దొరికింది కాబట్టి తీస్తాం.

దీన్ని మనుషుల్లో చూపించాలంటే లూకా సువార్తలో ఇద్దరున్నారు. సిలువ మీది దొంగ ఎవరికీ గుప్పెడు పెట్టే అవకాశమే లేకుండా చనిపోయాడు. అయినా పరదైసు దొరికింది (23:43). పన్నులు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిచ్చాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (19:8). కానీ ఆ అధ్యాయం నెమ్మదిగా చదివి చూడండి. జక్కయ్య ఇస్తాననే ముందే యేసు అతనెక్కిన చెట్టు కింద ఆగి, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. ఊరంతా సణుగుతుండగానే ఆయన ఆ ఇంట్లోకి వెళ్లాడు. ఆ తరవాతే జక్కయ్య చెయ్యి విప్పాడు. ఇద్దరికీ దొరికింది ఒకే రక్షణ. ఒకరికి దాని ఫలం చూపించే సమయం దొరికింది, ఇంకొకరికి దొరకలేదు.

ఈ పాఠం అయ్యాక ప్రశ్నలకు తప్పకుండా సమయం ఇవ్వండి. సాధారణంగా మూడు వస్తాయి.

"ఇది చేస్తే పుణ్యం వస్తుందా అయ్యగారూ?" అని పెద్దవాళ్లు అడుగుతారు. రాదని నేరుగా చెప్పాలి. మొహమాటపడి "దేవుడు చూస్తాడులే అమ్మా" అని దాటవేస్తే ఆ డబ్బా రేపటి నుంచి పుణ్యం కూడబెట్టే డబ్బా అయిపోతుంది. లూకా 17:10 చదివి వినిపించండి. ఆజ్ఞాపించినవన్నీ చేశాక కూడా, చేయవలసినవే చేశామని చెప్పుకోమన్నాడు ప్రభువు.

"పెడితే నూరంతలు తిరిగొస్తుందటగా?" అనేది రెండో ప్రశ్న. ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. కానుకను విత్తనమని, దేవుడు పంట ఇచ్చి తీరాలని బోధించేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ లెక్కన ఇచ్చేది పొరుగింటి ఆకలి కోసం కాదు, మన లాభం కోసం. లాభం చూసుకుని ఇచ్చేదాన్ని నిస్వార్థం అనలేం. దేవుడు పోషిస్తాడు, అది నిజం. ఇవ్వకపోయినా పోషిస్తాడు, అదీ నిజమే.

మూడోది పైకి అడగరు, మనసులో పెట్టుకుంటారు: "పెట్టకపోతే శాపమా?" అడగకపోయినా జవాబు మీరే చెప్పండి. అపొస్తలుల కార్యములు 5:4లో, పొలం అమ్మి డబ్బులో కొంత దాచుకున్న అననీయతో పేతురు అన్నమాట, ఆ పొలం అమ్మక మునుపు నీదే, అమ్మిన తరవాత కూడా నీ వశంలోనే ఉందని. అతని తప్పు తక్కువ ఇవ్వడం కాదు, అంతా ఇచ్చినట్టు అబద్ధమాడటం. ఇవ్వని ఇంటికి ఏ శాపమూ లేదు.

కృప చాలు గనుక క్రియలు అక్కర్లేదని అటువైపు ఒరిగేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం యాకోబు 2:15, 16. తిండికి లేని సహోదరుడితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనమని యాకోబు నిలదీస్తాడు. ఊళ్లో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లు, లూథరన్ వాళ్లు కలిసి ఈ పని చేస్తుంటే ఈ విషయం మీద వాదన పెట్టుకోనక్కర్లేదు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనల్ని అంగీకరించేది కృపచేతనే, మనలోని యోగ్యతను బట్టి కాదు, ఆ కృపే మనల్ని సత్‌క్రియలకు పిలుస్తుంది అని రెండు పక్షాలూ అందులో ఒప్పుకున్నాయి. గుప్పెడు తీయడానికి అంతకంటే ఎక్కువ ఏకాభిప్రాయం అవసరం లేదు.

వంటింట్లో

డబ్బా మూడు కిలోలు పట్టేది చాలు. మూత బిగువుగా ఉండాలి. స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు, కానీ లోపల నూనె వాసన, కారం వాసన ఉండకూడదు. ఎండలో పూర్తిగా ఆరాక వాడటం మొదలుపెట్టాలి. బియ్యం సంచి పక్కనే, చేతికందేచోట పెట్టాలి. పైఅరలో పెడితే వారానికి మర్చిపోతారు.

ఇప్పుడు అసలు పని. సంచిలోంచి ఇంటికి సరిపడా బియ్యం గ్లాసుతో కొలిచి గిన్నెలో పోయండి. ఆ గిన్నెలోంచి గుప్పెడు తీసి డబ్బాలో వేయండి. తగ్గిన గుప్పెడు మళ్లీ సంచిలోంచి కలపకండి. చాలామంది ఇక్కడే తెలియకుండా తప్పుతారు. గిన్నె కొలవకముందే సంచిలోంచి తీసి డబ్బాలో వేస్తారు, ఆపైన ఇంటికి కావలసినది పూర్తిగా కొలుస్తారు. అదీ దానమే, కాదనం. కానీ ఆ రోజు కంచంలో ఏమీ తగ్గదు. కొలిచిన గిన్నెలోంచి తీస్తే ఇంట్లో అందరికీ ఒక్కొక్క ముద్ద తగ్గుతుంది. బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్లం ఊరికే ఇస్తానన్నప్పుడు దావీదు రాజు, వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని నా దేవుడికి అర్పించనన్నాడు (2 సమూయేలు 24:24). ఈ గుప్పెడు వెనకున్న సూత్రం అదే.

అయితే ఒక జాగ్రత్త, దీన్ని పాస్టర్లు, పెద్దలు మరీ మరీ చెప్పాలి. మన ఇళ్లలో చాలాచోట్ల అందరూ తిన్నాక మిగిలింది ఇల్లాలు తింటుంది. అలాంటి ఇంట్లో తగ్గిన ఆ గుప్పెడు ఎవరి కంచంలోంచి తగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ చేయవలసిన త్యాగం ఒక్క మనిషి ఆకలిగా మారితే అది సువార్త కాదు. అందుకని గుప్పెడు తీసిన రోజు అన్నం ఒకేసారి అందరికీ వడ్డించుకోండి. ఇంటాయన, పిల్లలు కూడా వంతులవారీగా తమ చేత్తో గుప్పెడు తీయాలి. గర్భిణి, పాలిచ్చే తల్లి, రక్తహీనతకు మందులు వాడుతున్నవాళ్లు ఉన్న ఇంట్లో వాళ్ల భాగం ముందు పూర్తిగా తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లోంచే గుప్పెడు తీయాలి. మనిషికి ఇంతని కొలిస్తేనే సరిపోయే పేద ఇంట్లో రోజుకొకసారి, లేదా ఆదివారం ఒక్కపూట తీసినా చాలు.

గుప్పెడు అంటే మూసిన పిడికిట్లో పట్టినంత, ముప్పై నలభై గ్రాములు. ఎంతో తెలియాలంటే ఒకసారి కిరాణా కొట్లో తూచి చూసుకోండి. 35 గ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు తీస్తే నెలకు రెండు కిలోల పైమాట. పాతిక ఇళ్లు క్రమంగా తీస్తే నెలకు యాభై కిలోలు దాటుతుంది. పండుగలు, ప్రయాణాలు, మరపులు పోను నలభై కిలోలు వస్తాయని లెక్క వేసుకుని పని మొదలుపెట్టండి. ఇంత సాయం చేస్తామని ముందే మాటిచ్చేసి తరవాత తక్కువపడటం కంటే అది నయం.

బియ్యం పాడవడానికి మొదటి కారణం తడి చెయ్యి. కూరలు కడిగిన చేత్తోనే గుప్పెడు తీస్తారు, ఆ తేమకు గింజలు ఉండకట్టి డబ్బా అడుగున బూజు పడుతుంది. చెయ్యి పొడిగుడ్డతో తుడుచుకుని తీయాలి. ఒకసారి కడిగిన బియ్యంలోంచి తీయనే కూడదు. రెండో కారణం ముక్కపురుగు. దాని గుడ్లు గింజలోపలే ఉంటాయి కాబట్టి బయట నుంచి ఎంత శుభ్రం చేసినా ఎండాకాలంలో నెలా నెలన్నరకు బయటపడుతుంది. నెలకోసారి డబ్బా ఖాళీ అవడమే దీనికి అసలు మందు. నీడలో కరకరలాడేలా ఆరబెట్టిన వేపాకు నాలుగు రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు వేయవచ్చు. పచ్చి వేపాకు వేస్తే తేమ పెరిగి మేలు బదులు కీడు జరుగుతుంది. పురుగు పట్టిన బియ్యాన్ని మండుటెండలో గంటలకొద్దీ పరిస్తే గింజ విరిగి నూకలవుతుంది. నీడన గాలికి పరిచి చెరిగితే సరిపోతుంది.

కొన్ని ఇళ్లలో బియ్యం సంచికి బోరిక్ పౌడరు కలుపుతారు. అలాంటి సంచిలోంచి గుప్పెడు తీయవద్దు. కలిపిన ఇంటివాళ్లకు గట్టిగా కడగాలని తెలుసు, రేపు అది వండుకునే ముసలావిడకు తెలియదు. మందిరంలో నిల్వ చేసే బియ్యానికి ఎరువుల కొట్లో దొరికే సెల్ఫాస్ లాంటి మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. వాటిలోంచి వచ్చే విషవాయువు మూసిన గదిలో పడుకున్న మనిషి ప్రాణం తీస్తుంది.

మందిరంలో కలిపేటప్పుడు

నెలలో మొదటి ఆదివారం అనుకుంటే ప్రతి నెలా అదే ఆదివారం ఉంచండి. తేదీలు మార్చుతుంటే జనం తేవడం మానేస్తారు. మందిరం గుమ్మం పక్కన రెండు పెద్ద టబ్బులు పెట్టాలి, ఒకటి కొన్న బియ్యానికి, ఇంకొకటి రేషన్ బియ్యానికి. రెండూ కలిపితే ఉడుకు కుదరదు, ఒకటి మెత్తబడేసరికి ఇంకొకటి పలుకుగా ఉంటుంది. కలపకూడదనడానికి ఇంకా పెద్ద కారణం కింద చెప్తాం.

ఎవరి సంచి వాళ్లే టబ్బులో ఒంపి లోపలికి వెళ్లిపోవాలి. ఇంటివారీగా తూచవద్దు, పేర్లు రాయవద్దు, చదవవద్దు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" (మత్తయి 6:3) అన్న మాట పాటించడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. పేర్లు లేకపోతే కొందరు తేరని పెద్దలు భయపడతారు. కొందరు తేరు, నిజమే. వాళ్లు తెచ్చేది పేరు కోసమైతే తేకపోవడమే వాళ్ల ఆత్మకు మంచిది. రెండు కిలోలు తేగలిగిన ఇల్లు, పావు కిలోతో సిగ్గుపడుతూ వచ్చే ఇల్లు ఒకే టబ్బులో ఒంపితే ఆ సిగ్గు పోతుంది. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూశాడు (మార్కు 12:42). మనం చూడాల్సిన పనిలేదు.

అమ్మాలా, ఉన్నదున్నట్టు పంచాలా

ఇది అసలైన నిర్ణయం. పాతరోజుల్లో పేదింటికి కరువైనది బియ్యమే. ఇప్పుడు కార్డున్న ఇంటికి తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు, ఆంధ్రప్రదేశ్‌లో 5 కిలోలు రేషన్ దుకాణంలో ఉచితంగా వస్తున్నాయి. ఆ ఇంటికి మనం మళ్లీ బియ్యమే మోసుకెళితే, వాళ్లు మొహమాటానికి తీసుకుంటారు. వాళ్లకు లేనిది కందిపప్పు, నూనె, గుడ్లు, మందులు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకైతే రాగిపిండి, జొన్నపిండి ఇస్తే మేలు. అందుకని ముందు అడగండి. "అవ్వా, నీకేం కావాలి?" అని అడగడానికి నిమిషం పట్టదు, కానీ ఆ నిమిషం పెట్టకే చాలా సాయం వృథా అవుతుంది.

కొన్న బియ్యం టబ్బును సంఘంలోనే అమ్మి ఆ డబ్బుతో సరుకులు కొనవచ్చు. కోతపండుగనాటి అలవాటు కొద్దీ చాలాచోట్ల వేలం వేస్తారు. మా అభిప్రాయంలో దీనికి వేలం వద్దు. పాట పెరిగేకొద్దీ అది పాడినవాళ్ల గొప్ప అవుతుంది, గుప్పెడు తీసిన చేతులు మరుగునపడతాయి. బజారు ధర కనుక్కుని, రకరకాల బియ్యం కలిసినవి కాబట్టి కాస్త తక్కువగా ఒక ధర పెట్టి అమ్మేయండి. కిలో 50 రూపాయల చొప్పున నలభై కిలోలకు 2,000 రూపాయలు వస్తాయి. కిలో కందిపప్పు, లీటరు నూనె ఉన్న సంచి మీ ఊళ్లో ఎంత పడుతుందో చూసుకుంటే ఎన్ని ఇళ్లకు సరిపోతుందో తెలుస్తుంది. అది ఆరేడు ఇళ్లే కావచ్చు. ఆరిళ్లకు ప్రతి నెలా క్రమంగా ఇవ్వడం అరవై ఇళ్లకు ఒకసారి ఇచ్చి ఫొటో దిగడం కంటే మేలు.

రేషన్ బియ్యం టబ్బు విషయం వేరు. రేషన్ బియ్యం కొనడం, అమ్మడం నేరం, నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పెడతారు. మంచిపనికే అమ్మామన్నా ఒప్పుకోరు. ఆ టబ్బులోది ఎంత ఉన్నా అమ్మకుండా పంచాల్సిందే. అది నిజంగా కావలసినవాళ్లూ ఉన్నారు. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, కార్డులో పేరెక్కని కొత్తకోడళ్లు, పిల్లలు, వేలిముద్ర పడక సరుకు అందని ముసలివాళ్లు. ఇంకోమాట, రేషన్ బియ్యంలో వంద గింజలకు ఒకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజ ఉండవచ్చు. అది కాస్త పాలిపోయి కనబడటంతో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తుంటారు. ఏరవద్దని పంచేటప్పుడు చెప్పండి.

ఎవరికివ్వాలో తేల్చేది ఎవరు

యెరూషలేము సంఘంలో మొదటి గొడవ బోధ మీద రాలేదు, భోజనం మీద వచ్చింది. గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది (అపొస్తలుల కార్యములు 6:1). అపొస్తలులు దాన్ని ఓర్చుకొమ్మని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైనవాళ్ల పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని మొరపెట్టుకున్న వర్గానికే పంపకం అప్పగించారు.

మీ సంఘంలోనూ అలాగే చేయండి. ఐదుగురితో జట్టు వేసుకుంటే అందులో ముగ్గురు ఆడవాళ్లు, వాళ్లలో ఒకరు విధవరాలు ఉండాలి. ఊరి చివర వాడ నుంచి ఒకరు తప్పనిసరి. పాస్టర్ గారి ఇంటివాళ్లు, సంఘపెద్దల బంధువులు ఇందులో లేకపోతే మాటపడే అవసరం ఉండదు. ఏ ఇంటికివ్వాలన్నది ఇద్దరు వెళ్లి పొయ్యి చూసి వచ్చాకే తేల్చాలి, విన్నమాట మీద కాదు. పింఛను వస్తుంది కదా అని ఒక ఇంటిని తీసేసే ముందు ఆ పింఛను ఎవరి చేతిలో పడుతుందో కనుక్కోండి. చాలా ఇళ్లలో అది కొడుకు అప్పుకో మందులకో పోతుంది. ఆరు నెలలకోసారి జాబితా మొత్తం తిరగేయాలి. లేకపోతే తేరుకున్న ఇళ్లు అలాగే ఉండిపోయి, కొత్తగా దెబ్బతిన్న ఇల్లు బయటే ఉంటుంది.

సంఘస్థులకేనా, బయటివాళ్లకా? గలతీయులకు 6:10 ప్రకారం అందరికీ మేలు చేయాలి, విశ్వాసగృహానికి చేరినవాళ్లకు విశేషంగా. జాబితాలో ఇద్దరికొకరైనా సంఘానికి బయటివాళ్లు ఉండేలా చూడటం మంచి కొలత.

సాయానికీ మతానికీ ముడి పెట్టకూడదు. ఈ విషయంలో మన నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. ఆ కరువు సాయం నడుస్తున్నంతకాలం, బాప్తిస్మం ఇవ్వమని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాటకు తావుండకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చే చెయ్యి ఏ షరతూ పెట్టకపోతేనే కృప అనే మాటకు అర్థం ఉంటుంది.

గుమ్మం దగ్గర

సంచి మీద సంఘం పేరు వద్దు, వాక్యం అచ్చువేయించడం వద్దు. చీకటి పడుతున్నప్పుడు ఇద్దరు వెళ్లాలి. ఒంటరి ఆడమనిషి ఇంటికైతే ఆడవాళ్లే వెళ్లాలి. ఫోను జేబులోంచి తీయకూడదు. సంచి పట్టుకున్న పెద్దావిడ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ వీధిలో ఆమె మళ్లీ తలెత్తుకుని నడవలేదు. సంచి చేతికిచ్చి నిలబెట్టకుండా లోపల ఓ పక్కన పెట్టి, కూర్చుని పది నిమిషాలు మాట్లాడండి. వాళ్లు టీ ఇస్తే తాగండి. ఇచ్చేవాళ్లు పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి, లేకపోతే రెండు వైపులా బరువు మిగులుతుంది. వాళ్లు అడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే ఇంటికి వచ్చి చేసుకోండి. "ఎందుకిస్తున్నారమ్మా?" అని అడిగితే దాచనక్కర్లేదు. "మా అక్కాచెల్లెళ్లు అన్నం వండేటప్పుడు తీసిపెట్టింది పెద్దమ్మా. ప్రభువు మమ్మల్ని ఊరికే చేర్చుకున్నాడు, అందుకని" అంటే చాలు.

లెక్క

కొరింథు సంఘం నుంచి యెరూషలేముకు కానుక పంపేటప్పుడు పౌలు దాన్ని ఒక్కడే మోయలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సక్రమంగా ఉండాలని కారణం చెప్పాడు (2 కొరింథీయులకు 8:19-21). శిష్యుల డబ్బుసంచి యూదా ఒక్కడి దగ్గరే ఉండటం వల్ల ఏం జరిగిందో యోహాను 12:6లో ఉంది: అందులోది అతను దొంగిలించేవాడు.

ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, కొన్న బియ్యం ఎన్ని కిలోలు, రేషన్ బియ్యం ఎన్ని కిలోలు, అమ్మిన ధర, వచ్చిన డబ్బు, కొన్న సరుకు, బిల్లు, ఎన్ని ఇళ్లకు, ఇద్దరి సంతకాలు. బిల్లులు అదే పుస్తకానికి పిన్ను చేయండి. డబ్బు ఆ వారంలోనే సరుకుగా మారిపోవాలి. చేతిలో నిలవ ఉంటే గోడకు సున్నానికో సౌండ్‌బాక్సుకో సర్దుదామని ఎవరో ఒకరు అంటారు. వేరే పనికి వాడకూడదని మొదటి రోజే తీర్మానం రాసుకోండి. తరవాతి నెల ఆరాధనలో మొత్తం కిలోలు, మొత్తం ఇళ్లు మాత్రం చెప్పాలి. పుచ్చుకున్నవాళ్ల పేర్లు జట్టు దాటి బయటికి రాకూడదు.

బియ్యానికి పైసా తేడా లేని లెక్క ఉండాలి, ఇచ్చిన మనుషులకు లెక్కే ఉండకూడదు. మత్తయి 25లో రాజు కుడివైపు నిలబడినవాళ్లకు తాము ఎవరికి ఎప్పుడు అన్నం పెట్టామో గుర్తే లేదు, "ప్రభువా, యెప్పుడు?" అని ఎదురు అడుగుతారు. క్రియలవల్లే రక్షణ అనడానికి ఈ ఉపమానాన్ని చూపించేవాళ్లు ఆ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించాలి. కూలి ఆశించి చేసినవాళ్లు చేసింది మర్చిపోరు.

ఊరు దాటినవాళ్లకు

హైదరాబాద్ అపార్టుమెంట్లలో రాత్రిపూట చపాతీలు తినే ఇళ్లు గుప్పెడు బియ్యానికి బదులు పూటకింత అని చిల్లర వేయవచ్చు. కానీ నెలాఖరున ఫోన్‌పే చేస్తాంలే అంటే ఇది మామూలు చందా అవుతుంది, పూటపూటా తగ్గించుకోవడం ఉండదు. అమెరికా తెలుగు సంఘాల్లో అక్కడి ఫుడ్ బ్యాంకులు విడి బియ్యం తీసుకోవు, సీలు తీయని సంచులే తీసుకుంటాయి. అక్కడ నెలంతా డబ్బాలో తీసిన బియ్యం మీరే వండుకుని, దాని బరువుకు తగ్గ కొత్త సంచి కొని ఇవ్వడం కుదురుతుంది.

ఇచ్చే ఇల్లే ఇబ్బందిలో పడితే

పంట పోతుంది, ఇంటాయన మంచాన పడతాడు, ఉద్యోగం ఊడుతుంది. నిన్నటిదాకా డబ్బా తెచ్చిన ఇల్లు ఆ నెల ఖాళీ చేతులతో వస్తుంది, లేదా సిగ్గుతో ఆరాధనకే రావడం మానేస్తుంది. జట్టులో ఒకరు వారం తిరక్కుండా ఆ ఇంటికి వెళ్లాలి, డబ్బా మాట ఎత్తకుండా. పరిస్థితి చూసి ఆ నెల నుంచే పేరు జాబితాలో చేర్చండి, దరఖాస్తు పెట్టమనవద్దు. "మేమిచ్చేవాళ్లం, మేమెలా పుచ్చుకుంటాం" అని వాళ్లంటే 2 కొరింథీయులకు 8:14 చదివి వినిపించండి. ఇప్పుడు మీ సమృద్ధి వారి అక్కరకు, మరొకప్పుడు వారి సమృద్ధి మీ అక్కరకు అని పౌలు ముందే రాశాడు. వాళ్ల డబ్బా మాత్రం వెనక్కి తీసుకోవద్దు. వంటింట్లో ఉన్నచోటే ఉండనివ్వండి.